బలి ఇచ్చింది ఒకరు, బలైంది మరొకరు



ఆషాఢం వచ్చిందంటే మన ఊళ్ళలో గ్రామదేవతల కొలుపులు, బోనాలు మొదలవుతాయి. ఆ రోజుల్లో విశ్వాసుల ఫోన్లలో రెండు రకాల మాటలు తిరుగుతుంటాయి. ఒకటి, పొరుగువారు కోడిని, మేకను తీసుకుపోవడం చూసి నవ్వుకునే మాట. "ఎంత అజ్ఞానం! దేవునికి రక్తం పోస్తే కోపం చల్లారుతుందా?" అంటారు. రెండవది కన్నీళ్ళతో వచ్చే మాట. "అయ్యగారూ, మా ఇంట్లో వరుసగా కష్టాలు వస్తున్నాయి. దేవునికి మా మీద కోపం వచ్చిందేమో. ఎన్ని రోజులు ఉపవాసం ఉండాలి? ఎంత కానుక మ్రొక్కుకోవాలి?"

ప్రియులారా, ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. పొరుగువారిలో మనం నవ్వుకుంటున్న భయమే మన ఇంట్లో కూడా కూర్చుని ఉంది. పేరు మార్చుకుంది, అంతే. అందుకే దేవతలను శాంతింపజేయడానికి మనుషులు నానాదేశాలలో ఏమేమి చేశారో ఈసారి కొంత వివరంగా చూద్దాం. ఎవరినీ తక్కువ చేయడానికి కాదు. ఆ చరిత్రను ఒక్క ప్రశ్నతో చదవమని మా మనవి. ఎవరు బలి ఇచ్చారు, ఏ దేవతకు ఇచ్చారు అని అందరూ అడుగుతారు. దాని వెల ఎవరు కట్టారు అని మనం అడుగుదాం.

భయం అందరిదీ ఒక్కటే

ముందుగా ఒక మాట. బలులు ఇచ్చినవారందరూ క్రూరులు అనుకోకండి. వాన రాకపోతే పంట లేదు, పంట లేకపోతే బిడ్డలు బతకరు. ఊళ్ళో మశూచి వస్తే "అమ్మవారు పోసింది" అనేవారు మన పెద్దలు. ఒక ఇంట్లో మొదలై వాడ వాడంతా పాకేది. మందు తెలియదు, కారణం తెలియదు. చేతులు ముడుచుకుని కూర్చోలేని తల్లిదండ్రులు తమకు తెలిసినది చేశారు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి లోకంలో లేకుండా పోయిందని ప్రకటించింది. టీకా వేసుకుంటే రాదని తెలిసిన మనకు ఈరోజు నవ్వడం తేలికే. తెలియని ఆ రాత్రి బిడ్డ పక్కన కూర్చున్న తల్లిని చూసి మాత్రం నవ్వకూడదు.

అయితే భయం నిజమైనదే అయినా, ఆ భయం ఎక్కడికి దారితీసిందో కూడా దాచకుండా చెప్పుకోవాలి.

దక్షిణ అమెరికాలో పెరూ దేశపు సముద్రతీరాన, ఇప్పటి త్రుహీయో నగరం దగ్గర, ఒకప్పుడు చిమూ అనే రాజ్యం ఉండేది. అక్కడ హువాంచకీతో అనే చోట 2011 నుండి తవ్వకాలు జరిగాయి. సుమారు 140 మంది పిల్లల అస్థిపంజరాలు, వాటితోపాటు 200కు పైగా లామా అనే పశువుల అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఇది క్రీ.శ. 1450 ప్రాంతంలో జరిగినదని పరిశోధకులు 2019లో ప్రకటించారు. పిల్లల రొమ్ము ఎముకల మీద కత్తి గాట్లు ఉన్నాయి. వాళ్ళను పూడ్చిన చోట ఎండి గట్టిపడిన బురద పొర కనిపించింది. మామూలుగా వాన ఎరుగని ఆ ఎడారి తీరంలో కుండపోత వానలు, వరదలు వచ్చినప్పుడు, వాటిని ఆపమని వేడుకుంటూ ఈ పని చేసి ఉంటారని వారి అభిప్రాయం.

అదే ఖండంలో అర్జెంటీనా, చిలీ సరిహద్దున లుల్లాయిలాకో అనే పర్వతం ఉంది. 6,739 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం దగ్గర 1999లో ఇంకాల కాలపు ముగ్గురు పిల్లల దేహాలు దొరికాయి. మంచు వల్ల చెడిపోకుండా నిద్రపోతున్నట్టే ఉన్నాయి. వారి వెంట్రుకలను పరీక్షించినప్పుడు, చనిపోవడానికి ముందు కాలంలో వారికి కోకా ఆకు, మొక్కజొన్న సారా ఇస్తూ వచ్చారని తెలిసింది. అందులో పెద్దపిల్లకు పదమూడేళ్ళు ఉంటాయి. చివరి నెలల్లో ఆమెకు అవి బాగా ఎక్కువగా ఇచ్చారు.

వరద వస్తుందని భయపడినది రాజ్యం. శిఖరానికి ఎక్కినది పిల్లలు. కోరుకున్నది ఒకరు, కట్టినది మరొకరు.

ఓడిపోయిన సేనాపతి, పూడ్చబడిన పరదేశులు

"వాళ్ళు ఎక్కడో కొండల్లో ఉన్నవారు, నాగరికులైతే అలా చేయరు" అని ఎవరైనా అనుకుంటే, రోమా చరిత్ర చూడండి. చట్టానికీ పరిపాలనకూ లోకమంతా రోమును పొగుడుతుంది. రోమీయుల ఆరాధనలో ఉన్న లెక్క చాలా సూటిగా ఉండేది. నేను ఇస్తాను, నీవు ఇవ్వు. దేవతలతో సమాధానం చెడిపోతే యుద్ధం ఓడిపోతాం, కాబట్టి దాన్ని మళ్ళీ సరిచేయాలి.

క్రీ.పూ. 216లో కన్నాయే అనే చోట హన్నిబాల్ చేతిలో రోమా సైన్యం చిత్తుగా ఓడింది. ఒక్క రోజులో పదుల వేలమంది చనిపోయారు. నగరమంతా భయం. అప్పుడు ఏం జరిగిందో రోమా చరిత్రకారుడు లివీ రాశాడు. వెస్టా దేవత సేవలో ఉన్న ఇద్దరు కన్యలు శీలం తప్పారని నేరం మోపారు. వారిలో ఒకరిని ఆచారం ప్రకారం సజీవంగా పూడ్చారు, మరొకరు తానే ప్రాణం తీసుకుంది. తరువాత శాస్త్ర గ్రంథాలు తెరిచి చూసి, గాల్ జాతికి చెందిన ఒక స్త్రీని, ఒక పురుషుణ్ణి, గ్రీకు జాతికి చెందిన ఒక స్త్రీని, ఒక పురుషుణ్ణి పశువుల సంతలో బ్రతికుండగానే భూమిలో పూడ్చిపెట్టారు.

మరి ఆ యుద్ధంలో సైన్యాన్ని నడిపించి ప్రాణాలతో తిరిగి వచ్చిన వర్రో అనే అధిపతికి ఏమైంది? దేశం మీద ఆశ వదులుకోనందుకు జనం ఎదురువెళ్ళి అతనికి కృతజ్ఞతలు చెప్పారని అదే లివీ రాశాడు.

ఈ రెండు సంగతులనూ కలిపి చదవండి ప్రియులారా. ఓటమికి కారణమైనవానికి కృతజ్ఞత దక్కింది. ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని స్త్రీలకు, పరదేశులకు గోతులు దక్కాయి. మనిషిని బలి ఇవ్వకూడదని రోమా సెనేటు తీర్మానం చేసింది క్రీ.పూ. 97లో. అంటే ఆ తరువాత నూరేళ్ళకు పైగా గడిచాక.

మన నేల మీద

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. గంజాం కొండల్లోని కోదులు పంటలు బాగా పండాలని భూదేవతకు 'మెరియా' అనే పేరుతో మనిషిని బలి ఇచ్చేవారని 19వ శతాబ్దపు ఆంగ్ల అధికారులు రాశారు. దాన్ని ఆపడానికి 1845లో ప్రత్యేకంగా ఒక ఏజెన్సీనే పెట్టారు. ఆ కొండలను లోబరచుకోవడానికి వెళ్ళినవారే ఆ రికార్డులు రాశారు గనుక వాటిని కొంత జాగ్రత్తతో చదవాలి. అయినా ఆ రాతల్లో ఒక వివరం మనసును పట్టుకుంటుంది. బలి అయ్యే మనిషిని వెలపెట్టి కొనాలి. అలా కొన్నవారిలో మైదాన ప్రాంతపు పేదల పిల్లలు ఉండేవారు. తరువాతి కాలంలో మనిషి స్థానంలో దున్నపోతు వచ్చింది.

మైదానపు ఊళ్ళలో పోలేరమ్మకో, పెద్దమ్మకో దున్నపోతును బలి ఇచ్చి, రక్తం కలిపిన అన్నాన్ని 'పొలి' అని ఊరి పొలిమేర చుట్టూ చల్లే ఆచారం మన పెద్దలకు తెలుసు. కీడు ఊళ్ళోకి రాకూడదని చేసేది అది. ఊరంతా చందా వేసుకుంటారు. కానీ ఆ కత్తి పట్టేది ఎవరు? ఆ రక్తపు కూడు గంప చీకట్లో మోసేది ఎవరు? చాలా ఊళ్ళలో ఆ పని మాదిగవాడ మీద, మాలవాడ మీద పడింది. ఊరి క్షేమం ఊరిది, ఊరి కీడును మోసే పని వాడది. మన సంఘాలలో చాలామంది తాతలు ఆ గంప మోసినవారే. ఇది సిగ్గుపడి దాచవలసిన సంగతి కాదు. సిగ్గుపడవలసినవారు మోయించినవారు.

ఇంతకన్నా బరువైనది మరొకటి ఉంది. తెలంగాణలో జోగిని, రాయలసీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ. పేర్లు వేరు, పద్ధతులు కొంత వేరు. ఇంట్లో కష్టం వచ్చినప్పుడో, ఆడబిడ్డకు జబ్బు చేసినప్పుడో "తగ్గితే అమ్మవారికి వదులుతాము" అని మొక్కుకునేవారు. ఆ బిడ్డకు ఇక పెళ్ళి ఉండదు. దేవతకు ఇచ్చాము అన్నారు గానీ, ఆమెను వాడుకున్నది ఊరి మగవాళ్ళు. ఆ ఆడబిడ్డలలో అత్యధికులు దళిత కుటుంబాల వారు. 1988లో దీన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది.

నిజామాబాద్ జిల్లాలో ఈ జోగినుల విడుదల కోసం ఏళ్ళతరబడి పనిచేసిన వారిలో హేమలతా లవణం గారు ఒకరు. ఆమె మహాకవి గుర్రం జాషువా గారి కుమార్తె. నాస్తికుడైన గోరా గారి కోడలు. దేవుని పేరుతో కట్టిన సంకెళ్ళను విప్పడానికి నాస్తికుల ఇంటి కోడలు ముందు నడిచింది. ప్రార్థనలు ఎరిగిన మనం ఈ సంగతిని తలవంచుకుని ఒప్పుకోవాలి. ఆమె చేసినది దేవుడు మెచ్చే పని అని చెప్పడానికి మాకు ఏ సంకోచమూ లేదు.

బలులు వద్దన్న గొంతు ఈ నేల మీద పాతదే. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలు నేటికీ ఉన్నాయి. క్రీ.పూ. 3వ శతాబ్దం నాటివి. ఏ ప్రాణినీ చంపి బలి ఇవ్వకూడదని ఆ శాసనాలలో మొదటిది చెబుతుంది. తన వంటశాలలో కూర కోసం రోజూ చంపిన లెక్కలేనన్ని జంతువులను ఇప్పుడు రెండు నెమళ్ళకు, ఒక జింకకు తగ్గించానని, ఇకమీదట అవి కూడా ఉండవని రాజు అందులో చెప్పుకున్నాడు. ఇతరులను మానమనడంతో ఆగకుండా తన వంటింటి లెక్క బండ మీద చెక్కించాడు చూశారా, అది మనమందరం నేర్చుకోవలసినది.

వేలంపాట ఎక్కడ ఆగుతుంది?

శాంతి చేయించే ఆచారంలో ఒక గుణం ఉంది. దాని ధర పెరుగుతూ పోతుంది. ఎందుకంటే దేవత శాంతించిందో లేదో తెలిసే మార్గం లేదు. వాన వస్తే మన బలి పనిచేసింది అంటాం. రాకపోతే బలి చాలలేదు అంటాం. రెండు విధాలా బలే గెలుస్తుంది.

మీకా 6వ అధ్యాయం తెరవండి. 6, 7 వచనాలలో ఒక మనిషి దేవుని సన్నిధికి ఏమి తీసుకుని రావాలని అడుగుతున్నాడు. మొదట ఏడాది దూడలు అంటాడు. తరువాత వేలకొలది పొట్టేళ్ళు. ఆ తరువాత నదులుగా పారే నూనె. చివరికి తన పెద్దకుమారుణ్ణి ఇవ్వాలా అంటాడు. వేలంపాటలో పాట పెంచినట్టుగా ఉంది కదా! ఆ పాట ఆగేది బిడ్డ దగ్గర. 8వ వచనంలో దేవుడు ఆ వేలంపాటను ముగించి మూడు సంగతులు అడిగాడు. న్యాయంగా నడుచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం, దీనమనస్సుతో దేవునితో నడవడం. ఇందులో ఏదీ పక్కవాడి మెడ మీద కత్తి పెట్టి చేయగలిగేది కాదు. ఎవరికి వారే చేయాలి.

ఇది మీకా ఊహించి రాసినది కాదు. 2 రాజులు 3వ అధ్యాయం చివర మోయాబు రాజైన మేషా, యుద్ధం ఓడిపోతున్నానని తెలిసి, తనకు మారుగా రాజు కావలసిన జ్యేష్ఠ కుమారుణ్ణి పట్టణపు గోడ మీద దహనబలిగా అర్పించాడు. ఆ మేషా చెక్కించిన రాతిశాసనం 1868లో దీబోను దగ్గర దొరికింది. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మోయాబు ఇశ్రాయేలుకు లోబడి ఉండడానికి కారణం తమ దేవత కెమోషుకు దేశం మీద వచ్చిన కోపమేనని అతడు ఆ రాతి మీద చెప్పుకున్నాడు. కష్టం వచ్చిందా, దేవతకు కోపం వచ్చింది. కోపం వచ్చిందా, వెల కట్టాలి. ఎవరు కట్టాలి? తండ్రి గోడ మీద నిలబడ్డాడు, కొడుకు మంటలో పడ్డాడు.

యూదా రాజులైన ఆహాజు, మనష్షే కూడా తమ కుమారులను అగ్నిగుండం దాటించారని లేఖనం దాచకుండా చెబుతుంది. యెరూషలేము పక్కనే ఉన్న బెన్‌హిన్నోము లోయలో జరిగిన ఆ పనిని గురించి, అది తాను ఆజ్ఞాపించలేదని, తన మనసుకే తోచలేదని దేవుడు యిర్మీయా 7:31లో చెప్పాడు. నరకానికి మన గ్రంథంలో వాడిన గెహెన్నా అనే పేరు ఆ లోయ నుండే వచ్చింది.

మరి మన బైబిలులోనూ బలులు ఉన్నాయి కదా?

ఉన్నాయి. లేవీయకాండం నిండా ఉన్నాయి. ఎవరైనా ఈ మాట అడిగితే కోప్పడకండి, న్యాయమైన ప్రశ్న అది. కాకపోతే ఆ బలులను కూడా మన ప్రశ్నతోనే చదవండి. వెల ఎవరి మీద పడింది?

లేవీయకాండం 5వ అధ్యాయంలో పాపపరిహారార్థ బలి గురించి ఉంది. గొర్రెనో మేకనో తేవాలి. దానికి శక్తి లేనివాడు రెండు తెల్ల గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తెస్తే చాలు. దానికీ శక్తి లేనివాడు కొంచెం గోధుమపిండి తెస్తే చాలు. రక్తం లేదు, ప్రాణం లేదు, గుప్పెళ్ళ పిండి. వాడికీ అదే క్షమాపణ. మనుషుల వేలంపాటలో ధర పైకి పోతుంటే, దేవుని ధర్మశాస్త్రంలో ధర కిందికి దిగి పేదవాడి గడప దాకా వచ్చింది. మన ప్రభువు పుట్టినప్పుడు ఆయన తల్లి తెచ్చినది పేదల అర్పణే అని లూకా 2:24 చెబుతుంది.

"అయితే దేవుని కోపం అబద్ధమా?" అని అడుగుతారు. కాదు. యెషయా మొదటి అధ్యాయం చదవండి. దేవుడు అక్కడ కోపంగా ఉన్నాడు. ఎవరి మీద? బలులు తేనివారి మీద కాదు, విస్తారంగా తెస్తున్నవారి మీద. ఆ చేతులకు రక్తం అంటి ఉంది గనుక ఆ బలులు తనకు వెక్కసమయ్యాయన్నాడు. తండ్రి లేనివానికి న్యాయం తీర్చమని, విధవరాలి పక్షాన నిలబడమని చెప్పాడు. దేవుని కోపం బలహీనుణ్ణి బలిచేసేవారి మీద రగిలేది. ఇంకొక బలహీనుణ్ణి తెచ్చి దాన్ని ఎలా చల్లారుస్తాం?

మాట చెప్పనందుకు పోయిన ప్రాణం

న్యాయాధిపతులు 11వ అధ్యాయంలో యెఫ్తా కథ మీకు తెలుసు. యుద్ధం గెలిస్తే ఇంటి నుండి మొదట ఎదురువచ్చినదాన్ని అర్పిస్తానని మ్రొక్కుకున్నాడు. అతని ఒక్కగానొక్క కూతురు నాట్యం చేస్తూ ఎదురొచ్చింది. గ్రీకులలోనూ ఇలాంటి కథ ఉంది. ట్రాయ్ మీదికి పోవడానికి గాలి అనుకూలించాలని అగమెమ్నోన్ రాజు కూతురు ఇఫిజెనియాను అర్తెమి దేవతకు ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. రెండు కథలలోనూ యుద్ధం తండ్రిది, గెలుపు తండ్రిది, మెడ కూతురిది.

యెఫ్తా కూతురు చంపబడిందా, జీవితాంతం కన్యగా ఉండిపోయిందా అని వ్యాఖ్యాతలు వాదిస్తూనే ఉన్నారు. ఏది నిజమైనా ఆ మ్రొక్కుబడి దేవుడు అడిగినది కాదు. యూదుల పాత వ్యాఖ్యానాలలో దీనిపై ఒక మాట ఉంది. ఆ మ్రొక్కుబడి నుండి విడుదల ఇవ్వగలిగిన యాజకుడు ఫీనెహాసు అప్పుడు ఉన్నాడట. నేను ప్రధానయాజకుణ్ణి, నేనెందుకు వెళ్ళాలని అతను ఆగాడట. నేను నాయకుణ్ణి, నేనెందుకు వెళ్ళాలని యెఫ్తా ఆగాడట. వీరిద్దరి గౌరవాల మధ్య ఆ పిల్ల బ్రతుకు పోయిందని ఆ పెద్దలు బాధపడ్డారు.

లేవీయకాండం 27:8 చూడండి. మ్రొక్కుకున్నవాడు ఆ వెల చెల్లించలేనంత బీదవాడైతే, అతని కలిమి చూసి యాజకుడు వెల తగ్గించాలి. విడుదల మార్గం గ్రంథంలోనే ఉంది. దాన్ని చెప్పవలసినవారు చెప్పాలి. సేవకులమైన మాకు ఆ కథలో ఫీనెహాసు పేరు వినబడిన ప్రతిసారీ గుండె ఝల్లుమంటుంది.

సిలువ దగ్గర లెక్క తిరగబడింది

యోహాను 11:50లో ప్రధానయాజకుడైన కయప ఒక లెక్క చెప్పాడు. జనమంతా నశించడం కన్నా ఒక్క మనిషి చావడం మేలు అన్నాడు. అది రోములో పశువుల సంతలో వేసిన లెక్కే. పదవిలో ఉన్నవారు తమకు అడ్డుగా ఒక నిస్సహాయుణ్ణి ఎంచుకోవడం. కయప తాను ఎప్పటిలాగే ఒకణ్ణి బలి ఇస్తున్నాననుకున్నాడు. కానీ ఆ రోజు బలిగా నిలబడినది ఎవరు? ఇతర కథలన్నిటిలో వెల అడిగేది దేవత, కట్టేది బిడ్డ. ఇక్కడ దేవుడు తానే వచ్చి తానే కట్టాడు. మూడవ దినాన ఆయనను లేపి, బలిచేసినవారి పక్షాన కాక బలైనవాని పక్షాన తీర్పు చెప్పాడు.

2 కొరింథీయులకు 5వ అధ్యాయంలో పౌలు మాట తీరు గమనించండి. మనం దేవుణ్ణి మనతో సమాధానపరచామని రాయలేదు. దేవుడే మనలను తనతో సమాధానపరచుకున్నాడని రాశాడు. ఆయన మొహం తిప్పుకుని కూర్చుంటే మనం బ్రతిమాలి తిప్పిన కథ కాదు ఇది. మొహం తిప్పుకున్నది మనం. వెదుక్కుంటూ వచ్చినది ఆయన. అందుకే ఈ బలి ఒక్కసారే జరిగిందని, మళ్ళీ అవసరం లేదని హెబ్రీ పత్రిక పదే పదే చెబుతుంది. వేలంపాట ముగిసింది.

మరి మన మందిరంలో?

ముగిసిన వేలంపాటను మందిరంలో మళ్ళీ తెరిస్తే ఏమంటారు? ఇంత "విత్తన కానుక" వేస్తే వీసా వస్తుంది, దశమభాగం ఆపినందుకే పిల్లవాడికి జ్వరం వచ్చింది, ఈ నూనె సీసా కొంటే శాపం విరుగుతుంది అనే మాటలు నేడు టీవీలోనూ, ఫోన్‌లోనూ, కొన్ని వేదికల మీదా వినబడుతున్నాయి. కోడి లేదు, కత్తి లేదు. కానీ వెల ఎవరు కడుతున్నారో చూడండి. రోజు కూలికి పోయే తల్లి చెవికమ్మలు తాకట్టు పెడుతోంది. డ్వాక్రా అప్పు తెచ్చిన డబ్బు కవరులో పడుతోంది. వెల అడిగినవారి కారు మారుతోంది, కట్టినవారి ఇంటి కప్పు మారడం లేదు.

విధవరాలి రెండు కాసుల కథతో కానుకలు పోగుచేస్తారు. మార్కు 12వ అధ్యాయంలో ఆ కథకు ముందున్న 40వ వచనం మాత్రం చదవరు. విధవరాండ్ర ఇళ్ళను మింగివేసే శాస్త్రులకు ప్రభువు హెచ్చరిక అక్కడే ఉంది. రెండూ వెంటవెంటనే ఉన్నాయి. ఒకదాన్ని విడిచి మరొకదాన్ని బోధించడం వాక్యాన్ని సగం చేయడమే.

డబ్బు కన్నా విలువైనవి కూడా పోతున్నాయి. మందులు ఆపితేనే విశ్వాసం అని నమ్మి షుగరు బిళ్ళ, మూర్ఛ బిళ్ళ పక్కన పెట్టేవారు ఉన్నారు. టి.బి. మందు మధ్యలో ఆపితే జబ్బు మొండిదవుతుంది, తరువాత అవే మందులు పనిచేయకపోవచ్చు, ఇంట్లోవారికీ అంటుకుంటుంది. ఇది విశ్వాసం కాదు ప్రియులారా. మన శరీరాన్నే బలిపీఠం మీద పెట్టి దేవుణ్ణి లొంగదీయాలని చూడడం. కర్మెలు మీద బయలు ప్రవక్తలు తమ దేహాలను కోసుకున్నది కూడా ఇందుకే.

అన్నిటికన్నా క్రూరమైనది మరొకటి. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో "ఏదో పాపం ఉండే ఉంటుంది" అనడం. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగినప్పుడు, వాడూ కాదు, వాని తల్లిదండ్రులూ కాదని ప్రభువు యోహాను 9వ అధ్యాయంలో తేల్చి చెప్పాడు. ఆయన వద్దన్న ప్రశ్నను చావింట్లో మళ్ళీ అడగడానికి మనకు అధికారం లేదు.

కాబట్టి మన సంఘంలో ఈ సంగతులు పాటిద్దాం. జబ్బులో, చావులో, అప్పులో ఉన్న ఇంటి నుండి కానుక అడగవద్దు. వారి ఇంటికి మనమే ఏదైనా తీసుకువెళ్ళాలి. భయంతో మ్రొక్కుకుని తీర్చలేక నలిగిపోతున్నవారు సంకోచం లేకుండా మా దగ్గరికి రండి. లేవీయకాండం 27:8 తెరిచి, మీ చేయి పట్టుకుని, విడుదల ప్రార్థన చేస్తాము. ఉపవాసం ఉండేవారు దేవునితో సమయం గడపడానికి ఉండండి, దేవుణ్ణి లొంగదీయడానికి కాదు. గర్భిణులు, మందులు వాడేవారు తినే ప్రార్థించండి. కృతజ్ఞతతో ఇచ్చేవారు సంతోషంగా ఇవ్వండి. ఇవ్వలేనందుకు దేవుడు చేయి చేసుకుంటాడని భయపడి మాత్రం ఒక్క రూపాయి కూడా వేయకండి.

పొరుగువారి కొలుపు రోజున నవ్వకండి. వాళ్ళను నడిపించే భయం మీకూ తెలిసినదే. అలాగని ఏ మతం పేరుతోనైనా సరే, ఒక ఆడబిడ్డను వదిలే మాట, ఒక పసిబిడ్డకు హాని చేసే మాట మీ చెవిన పడితే, అది మన సంగతి కాదని ఊరుకోకండి. 1098 నంబరుకు ఫోన్ చేయండి, పెద్దలకు చెప్పండి, మాకు చెప్పండి. చెప్పవలసినవారు ఆగిపోతే ఏమవుతుందో యెఫ్తా ఇంట్లో చూశాం.

కనికరం గల దేవుడు మన ఇళ్ళలోని భయాన్ని తీసివేసి, ఎవరినీ బలి చేయని భక్తిని మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.